కెప్లరు తల్లిమీది వ్యాజ్యెము

సామెతల గ్రంథము 18వ అధ్యాయము 17వ వచనము న్యాయస్థానమునకు సంబంధించిన మాట. ముందుగా వచ్చి ఫిర్యాదు చెప్పుకొనినవాని మాట వినువారికి నిజమేయని తోచుననియు, రెండవవాడు వచ్చి దానిని శోధించువరకు అసలు సంగతి బయటపడదనియు దాని భావము. ఈ వచనమునకు ఉదాహరణముగా చూపదగిన జీవితము ఒకటి కలదు. ఆయన బోధకుడు కాడు, మిషనెరీ కాడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. పేరు యొహాన్నెస్ కెప్లరు. గ్రహములు సూర్యుని చుట్టు వృత్తములో గాక దీర్ఘవృత్తములో తిరుగునని కనిపెట్టినవాడు. మన బడిపిల్లలు ఆయన మూడు సూత్రములను కంఠస్థము చేయుదురు గాని, తన ముసలితల్లిని మరణశిక్షనుండి తప్పించుటకు ఆయన ఆరేండ్లు పోరాడిన సంగతి వారి పుస్తకములలో సాధారణముగా నుండదు.

కెప్లరు 1571వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన జర్మను దేశపు నైరుతి భాగమున వైల్ డెర్ ష్టాట్ అను చిన్న పట్టణములో పుట్టెను. ఆ ఊరిలో రోమను కతోలికులు ఎక్కువ. కెప్లరు వంశమువారు లూథరన్లు. తాత ఆ పట్టణమునకు అధ్యక్షుడుగా నుండినవాడు. తండ్రి హైన్రిఖు మాత్రము ఇల్లు పట్టనివాడు. జీతమునకు యుద్ధములు చేయు సిపాయిగా దేశములు తిరిగి, కడకు ఒకసారి వెళ్లినవాడు మరి రాలేదు. తల్లి కతరీనా పూటకూళ్లవాని కుమార్తె. ఆమెకు చదువు రాదు. పొలము, పశువులు, పిల్లలు అన్నియు ఆమె చేతిమీదనే నడచినవి. 1577లో ఆకాశమున గొప్ప తోకచుక్క కనబడగా, ఆరేండ్లైనను నిండని కుమారుని ఎత్తైన చోటికి తీసికొనిపోయి దానిని చూపినది ఆమెయే. మశూచికముచేత ఆయన కన్నులు బాల్యముననే మందగించెను. ఆకాశమును చదువవలసినవానికి చూపు తక్కువ. అయినను ఆ రాత్రి తల్లి చూపిన చుక్కను ఆయన పెద్దవాడైన తరువాతను జ్ఞాపకము చేసికొని వ్రాసెను.

కుటుంబము సమీపముననున్న లియోన్‌బెర్గు పట్టణమునకు మారెను. అది వుర్టెంబెర్గు డ్యూకు ఏలుబడిలోని లూథరను ప్రదేశము. తెలివిగల పేదపిల్లలను ప్రభుత్వమే చదివించి బోధకులుగా తయారుచేయుట అక్కడి పద్ధతి. ఆ విధముగా కెప్లరు ట్యూబింగెను విశ్వవిద్యాలయమునకు వెళ్లి వేదాంతము చదివెను. సువార్త సేవలో ప్రవేశింపవలెనని ఆయన హృదయపూర్వకముగా కోరెను. అయితే 1594లో పెద్దలు ఆయనను ఆస్ట్రియా దేశములోని గ్రాట్స్ పట్టణపు పాఠశాలకు గణితోపాధ్యాయునిగా పంపిరి. 1600లో, కతోలికుడగుటకు ఒప్పుకొననందున అక్కడనుండి వెళ్లగొట్టబడెను. తరువాత ప్రాగు నగరములో టైకో బ్రాహీయొద్ద చేరి, 1601లో ఆయన చనిపోగా చక్రవర్తికి గణిత శాస్త్రజ్ఞుడాయెను. 1609లో ఆయన ముఖ్యగ్రంథము వెలువడెను. 1612లో లింట్సు పట్టణమునకు కాపురము మార్చెను.

లింట్సులో ఆయనకు కలిగిన దుఃఖమును సంఘపు పత్రికలో దాచి చెప్పుట తగదు. అక్కడి లూథరను బోధకుడు హిట్స్‌లరు ఆయనను ప్రభువు బల్లకు రానియ్యలేదు. క్రీస్తు శరీరము అంతటను ఉన్నదను సిద్ధాంత వాక్యమును కెప్లరు పూర్తిగా ఒప్పుకొని సంతకము చేయలేకపోవుటయే కారణము. విశ్వాసమును విడువలేదు, వేరొక సంఘములో చేరలేదు. తన మనస్సాక్షి ఒప్పుకొనని మాటను ఒప్పుకొంటినని వ్రాయుటకు మాత్రము సమ్మతింపలేదు. స్టుట్‌గార్టులోని సంఘాధికారులు బోధకుని పక్షమే వహించిరి. 1619లో ట్యూబింగెనులోని వేదాంత పండితులు కూడ ఆయన విన్నపమును తుదిసారి త్రోసిపుచ్చిరి. అనగా తల్లిమీది వ్యాజ్యెము జరిగిన దినములన్నిటను ఈయన తన సంఘములోనే అనుమానింపబడినవాడుగా నుండెను.

ఇక ఆ వ్యాజ్యెమునకు వత్తము.

15వ శతాబ్దము మొదలుకొని 18వ శతాబ్దమువరకు ఐరోపాలో మంత్రగత్తెలను నేరము మోపబడి చంపబడినవారు సుమారు 40,000 నుండి 50,000 వరకు ఉందురని నేటి చరిత్రకారులు లెక్కకట్టుదురు. వారిలో మూడు వంతులకు పైగా స్త్రీలు. కతోలికులును ప్రొటెస్టెంటులును ఈ విషయములో ఒకరినొకరు నిందించుకొనుటకు వీలులేదు; ఇరుపక్షములవారును చంపిరి. చాలచోట్ల సంగతి పెద్ద పండితులతో మొదలుకాలేదు. ఆవు పాలివ్వదు, బిడ్డ చనిపోవును, పొరుగువానికి నడుము పట్టుకొనును. అంతకుముందు ఇంటికి వచ్చి పోయిన ముసలమ్మ ఎవరాయని వెదకుదురు. నిర్గమకాండము 22వ అధ్యాయము 18వ వచనమును ఆ న్యాయాధిపతులు బాగుగ ఎరుగుదురు. తరువాతి అధ్యాయము మొదటి వచనములోనే లేని వార్తను పుట్టించకూడదను ఆజ్ఞ యున్నది. దానిని అంత శ్రద్ధగా చదివినట్లు కనబడదు. చేతబడి, బాణామతి అను మాటలు మన తెలంగాణ పల్లెలలో ఎట్టి ఘోరములకు దారితీసినవో చదువరులెరుగుదురు గనుక, ఈ కథ నడక మనకు క్రొత్తగా తోచదు.

ఆ రాజ్యములలో 1532నాటి శిక్షాస్మృతి ఒకటి అమలులో నుండెను. తగిన ఆధారములు లేక ఎవనినైనను చిత్రహింసకు అప్పగింపకూడదని అందులో నిబంధన. చిత్రహింసకు అప్పగింపబడినవారు సాధారణముగా నేరము ఒప్పుకొందురు. ఒప్పుకొనిన తరువాత మరణమే. కాబట్టి చిత్రహింసకు ముందు జరుగు విచారణయే ప్రాణము నిలుపుకొనుటకు కడపటి అవకాశము.

లియోన్‌బెర్గులో ఉర్సులా రైన్‌బోల్డు అను స్త్రీ యుండెను. అద్దములు బిగించు పనివాని భార్య. కతరీనాకు పూర్వము స్నేహితురాలే. ఉర్సులాకును కతరీనా కుమారుడైన క్రిస్టఫునకును తగవు వచ్చిన తరువాత, ఎన్నో యేండ్ల క్రిందట కతరీనా ఇంట తాను త్రాగిన చేదు పానీయమే తన రోగమునకు కారణమని ఆమె చెప్పసాగెను. ఉర్సులా సహోదరుడు రాజకుమారునియొద్ద శస్త్రవైద్యము చేయు మంగలి. 1615 ఆగస్టులో అతడును, పట్టణపు అధికారియైన లూథెరుస్ ఐన్‌హార్నును కలిసి కతరీనాను అధికారి ఇంటికి పిలిపించిరి. ఇద్దరును త్రాగియుండిరి. మంగలి కత్తి దూసి ఆ ముసలిదాని రొమ్మున ఆనించి, నీవు చేసిన మంత్రమును నీవే తీసివేయుమని బెదరించెను. ఆమె లొంగలేదు. తాను మంత్రము చేయలేదు గనుక తీయుటకేమియు లేదనెను. లొంగి ఏదో ఒక ఆకుపసరు ఇచ్చియుండినయెడల అదే ఒప్పుకోలై ఆమె చావునకు కారణమయ్యెడిది.

కతరీనా పిల్లలు పరువునష్టపు దావా వేసిరి. దావా వినవలసిన అధికారియే ఆ దౌర్జన్యములో పాలివాడు! అతడు విచారణను ఏడాదికి పైగా వాయిదా వేయుచు వచ్చెను. ఆ చలికాలములోనే ఆ పట్టణములో మరికొందరు స్త్రీలు మంత్రగత్తెలని తీర్పుపొంది చంపబడిరి. ఇట్టి గాలి వీచుచున్న ఊరిలో, నోరు గట్టిది, మొగుడు లేనిది, మందుమాకులు తెలిసినది అయిన ముసలి స్త్రీకి రక్షణ ఏపాటిది?

లింట్సులోనున్న కెప్లరునకు ఈ వార్త 1615 డిసెంబరు కడపట చెల్లెలు మార్గరెటా వ్రాసిన ఉత్తరము ద్వారా తెలిసెను. 1616 జనవరి 2వ తేదీననే ఆయన లియోన్‌బెర్గు పెద్దలకు కఠినమైన ఉత్తరము వ్రాసి, వ్యాజ్యెపు కాగితములన్నిటి నకళ్లు పంపవలెనని కోరెను. ఆయన మనస్సులో మరియొక భయము కూడ ఉండెను. 1609 ప్రాంతమున ఆయన చంద్రలోక ప్రయాణమునుగూర్చి ఒక కల్పితకథ వ్రాసియుండెను. అందులో కథ చెప్పువాని తల్లి మూలికలు అమ్ముకొనుచు భూతములతో మాటలాడు స్త్రీ. ఆ వ్రాతప్రతి చేతులు మారి, తన తల్లిమీది పుకారుకు తానే నిప్పు అందించితినేమో అని ఆయన తరువాత వగచెను. లియోన్‌బెర్గు ప్రజలు ఆ లాటిను కథను చూచియుందురని నేటివారు అంతగా నమ్మరు. గాని కుమారుని మనస్సు అట్లే బాధపడును.

1616 అక్టోబరులో దావా విచారణకు రానైయుండగా క్రొత్త సంగతి పుట్టెను. ఇటుకలు మోయుచుండిన ఒక బాలిక దారిలో కతరీనా తన చేయి తాకెననియు, వెంటనే చేయి చచ్చుపడెననియు చెప్పెను. అధికారికి కావలసినది దొరకెను. అప్పుడు కతరీనా ఒక వెఱ్ఱిపని చేసెను: ఈ సంగతి పైకి వ్రాయక ఆపినయెడల వెండి గిన్నె ఇత్తునని అధికారితోనే అనెను. అతడు దానిని కూడ నేరములలో చేర్చెను. పిల్లలు భయపడి ఆమెను లింట్సునకు పంపివేసిరి. తొమ్మిది నెలలు కుమారుని ఇంటనుండి, అక్కడ నిలువలేక తిరిగి స్వస్థలమునకే పోయెను. తప్పు చేయనిదానను నేనెందుకు పారిపోవలెనని ఆమె పట్టుదల.

ఈ మధ్యకాలములో కెప్లరు ఇంటిలో చావులు, దేశములో యుద్ధము. 1618లో చిన్న కుమార్తె చనిపోయెను. అదే సంవత్సరమున ముప్పదియేండ్ల యుద్ధము ఆరంభమాయెను. అదే సంవత్సరము మే నెలలో ఆయన తన మూడవ సూత్రమును కనుగొనెను. గ్రహము తిరుగు కాలమునకును సూర్యునినుండి దాని దూరమునకును గల సంబంధమును తెలుపు సూత్రమది. దానిని ప్రకటించిన గ్రంథము 1619లో వెలువడెను. సృష్టికర్త స్తోత్రముతో ఆయన దానిని నింపెను.

1620 ఆగస్టు 7వ తేదీ తెల్లవారకముందే బంట్రోతులు హోయ్‌మాడెను గ్రామములోని బోధకుని ఇంటికి వచ్చిరి. ఆ బోధకుడు మార్గరెటా భర్త. కతరీనా అక్కడ నిద్రించుచుండెను. ఊరివారు చూడకుండ ఆమెను ఒక పెద్ద బట్టల పెట్టెలో పెట్టి మోసికొనిపోయిరి. అప్పటికామెకు 70 ఏండ్లు దాటినవి. క్రిస్టఫు తగరపు పాత్రలు చేయు పనివాడు, లియోన్‌బెర్గులోనే వ్యాపారము చేసికొని బ్రదుకవలసినవాడు. తన కన్నులయెదుట తల్లి విచారణ జరుగుట అవమానమని, దానిని వేరొకచోటికి మార్చవలెనని కోరుకొనెను. ఆ విధముగా ఆమె గూగ్లింగెను అను ఊరికి చేర్చబడి గొలుసులతో కట్టబడెను. ఇద్దరు కావలివారిని పెట్టి, వారి జీతమును ఆమె ఆస్తినుండియే వసూలు చేసిరి. మార్గరెటా మాత్రము తల్లిని విడువలేదు. ఈ కథలో కెప్లరు పేరు పెద్దదైనను, మొదట కబురు పంపినదియు, చివరివరకు కనిపెట్టుకొనియుండినదియు ఈ బోధకుని భార్యయే.

కెప్లరు లింట్సులోని పని విడిచి, భార్యను పిల్లలను రేగెన్స్‌బుర్గులో దింపి, సెప్టెంబరులో గూగ్లింగెను చేరెను. మంత్రగత్తె యని నేరము మోపబడిన స్త్రీకి ఇంత పేరుగలవాడు వచ్చి నిలుచుట ఆ న్యాయస్థానమునకు రుచింపలేదు. బందీ తన కుమారుడైన గణిత శాస్త్రజ్ఞుని సహాయముతో హాజరైనందుకు గుమాస్తా తన చింతను కాగితముమీదనే వ్రాసియుంచెను. కెప్లరు ఒక పనిని గట్టిగా అడిగి సాధించెను: విచారణ నోటిమాటలతో గాక లిఖితమూలకముగా జరుగవలెను. అప్పుడు ప్రతి సాక్ష్యమును తీరికగా పరీక్షింపవచ్చును.

నేరపత్రములో 49 అంశములుండెను. సాక్షులలో కెప్లరుతో చదువుకొనిన బడిపంతులు ఒకడు. కతరీనా ఇంట త్రాగిన పానీయమువలననే తన కాళ్లు చచ్చుపడెనని అతని మాట. ఆమె మూసిన తలుపులగుండ వచ్చెనని ఒకరు, పిల్లలకు దీవెన చెప్పగా వారు చచ్చిరని ఒకరు, పశువు తిక్కపట్టెనని ఒకరు. ఆమె తన తండ్రి పుఱ్ఱెను సమాధులు త్రవ్వువానియొద్ద అడిగెననుట అన్నిటికంటె భయంకరముగా వినబడెను. విచారణలో కన్నీరు కార్చలేదనుట కూడ ఒక నేరమే! జీవితములో ఎంతో ఏడ్చితిని, ఇక నీళ్లు మిగులలేదని ఆమె చెప్పిన జవాబు రికార్డులోనున్నది.

తోటి స్నేహితుడును ట్యూబింగెను న్యాయపండితుడునైన బెసోల్డు సలహాతో కెప్లరు తయారుచేసిన ప్రతివాదము 128 పుటలు. నక్షత్రముల స్థానములను కొలిచిన మనుష్యుడు ఇక్కడ మాటలను కొలిచెను. ఎవరు, ఏ సంవత్సరమున, ఏమి చూచిరి? చూచిన నాడు ఏమనిరి? పుకారు పుట్టిన తరువాత ఏమనిరి? ఇట్లు వరుసగా పెట్టగా ఒక సంగతి బయటపడెను. 1615కు ముందు ఈ సాక్షులలో దాదాపు ఎవరును ఆమెను అనుమానింపలేదు. పాత రోగములు, పాత చావులు అన్నియు పుకారు వచ్చిన పిమ్మటనే మంత్రములుగా మారెను. బడిపంతులు బరువు మోయుచు గుంట దాటబోయి పడిన తరువాత అతని కాళ్లు చెడెను. ఇటుకల పిల్ల చేయి మోతబరువుచేత తిమ్మిరెక్కి, కొన్ని దినములకే బాగైనది. ఉర్సులా అంతకుమునుపే రోగిష్ఠి, సహోదరునియొద్దను ఇతరులయొద్దను నానావిధములైన మందులు మ్రింగినది. పానీయము తగరపు చెంబులో చాలకాలము నిలువయున్న మూలికల ద్రాక్షారసము. పుఱ్ఱె సంగతి నిజమే. పూర్వకాలపు జనులు చనిపోయినవారి పుఱ్ఱెలను పానపాత్రలుగా చేసికొనిరని ఆమె ప్రసంగములో వినెను. అది విని తన కుమారునికి అట్టి గిన్నె చేయించవలెననుకొనెను. బోధకులు ప్రసంగములలో చేర్చు వింతకథలు ఎక్కడికి పోవునో చూడుడి!

కెప్లరు మంత్రగత్తెలే లేరని వాదింపలేదు. ఆ కాలమున అట్లు వాదించినవారు బహు కొద్దిమంది. తన తల్లి పరిశుద్ధురాలనియు చెప్పలేదు. యౌవనమున కుటుంబపు జాతకములు వ్రాసికొనినప్పుడు ఆమెను చిన్నదిగాను, చామనచాయగలదిగాను, వదరుబోతుగాను, కలహప్రియురాలుగాను వర్ణించినవాడాయనయే. గాని కలహించుట వేరు, హత్యచేయుట వేరు. పొరుగువారింట రోగి ఉన్నప్పుడు చొరవగా లోనికి పోయి, మూలికలు ఇచ్చి, తెలిసిన ప్రార్థన చదువు ముసలమ్మ ప్రతి ఊరిలోను ఉండును. ఆ ప్రతిపనికిని మామూలు కారణము చూపగలిగినప్పుడు సాతాను కారణము వెదకనేల అని ఆయన వాదసారము. ఆయన గెలుచుట ఈ నిదానమువలననే గాని, మాతృభక్తివలన మాత్రమే కాదని నా అభిప్రాయము.

1621 ఆగస్టులో వాదములు ముగిసి కాగితములు ట్యూబింగెను న్యాయపండితులకు చేరెను. వారి తీర్పు అటు విడుదల కాదు, ఇటు చిత్రహింస కాదు. అనుమానము బొత్తిగా తీరలేదు గనుక, హింసాయంత్రములను చూపి భయపెట్టవలెను, ముట్టరాదు. 1621 సెప్టెంబరు 28వ తేదీన కతరీనాను ఆ గదిలోనికి తీసికొనిపోయిరి. తలారి ఒక్కొక్క పనిముట్టును చూపి, అది శరీరమును ఏమి చేయునో చెప్పెను. కుమారుడు ప్రక్కన లేడు. ఆ గదిలోనికి అతనికి ప్రవేశము లేదు. 14 నెలల గొలుసుల తరువాత ఆ 74 ఏండ్ల స్త్రీ ఒక్క మాట ఒప్పుకొనినయెడల 128 పుటలును వ్యర్థమే. ఆమె మోకాళ్లూని ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పెను. నరములన్నియు ఒకటొకటిగా పెరికినను చెప్పుటకు తనయొద్ద ఏమియు లేదనియు, దేవుడు తన పరిశుద్ధాత్మను తననుండి తీసివేయడనియు, నిజమును ఆయనయే వెలికి తెచ్చుననియు పలికెను. అధికారులు ఆమెను తిరిగి బందీగృహమునకు పంపిరి. డ్యూకు ఆజ్ఞచొప్పున అక్టోబరు 4వ తేదీన ఆమె విడుదలాయెను.

ఆమె లియోన్‌బెర్గులోని స్వంత ఇంటికి పోలేకపోయెను. వచ్చినయెడల చంపుదుమని ఊరివారు బెదరించిరి. న్యాయస్థానము విడిచినను ఊరు విడువలేదు. 1622 ఏప్రిల్ 13వ తేదీన, విడుదలయైన ఆరు నెలలకు, ఆమె మరణించెను.

కెప్లరు లింట్సునకు తిరిగిపోయి, ఇరువది యేండ్లకు పైగా ఆయన చేతిలోనుండిన గ్రహగణిత పట్టికలను 1627లో ఉల్ము నగరమున అచ్చువేయించెను. చంద్రలోకపు కథను పారవేయలేదు. ఎవరును మరల అపార్థము చేసికొనకుండ దానికి 223 వివరణలు వ్రాసి చేర్చెను. అది అచ్చగునాటికి ఆయన లేడు. 1634లో కుమారుడు లూడ్విగు దానిని ప్రకటించెను. తనకు రావలసిన జీతపు బాకీకై తిరుగుచు, 1630 నవంబరు 15వ తేదీన రేగెన్స్‌బుర్గులో జ్వరముచేత కెప్లరు మరణించెను. నగరపు గోడల వెలుపల ప్రొటెస్టెంటుల శ్మశానములో పాతిపెట్టబడెను. యుద్ధములో ఆ శ్మశానమే నాశనమాయెను; సమాధి గుర్తు దొరకదు. కతరీనా వ్యాజ్యెపు కాగితములు స్టుట్‌గార్టులోని రికార్డు భండారములో నేటికిని ఉన్నవి. ప్రతివాదములో ఎక్కువ భాగము కెప్లరు స్వహస్తముతో వ్రాసినదే.